గంజి తాగిన తర్వాత ఒక లెక్క

చండ్రుగొండ వైపు నుంచి వచ్చిన బంధువు ఒకాయన మొన్న ఎండబెట్టిన ఇప్పపూలు డబ్బాలో పోసి ఇచ్చి వెళ్లాడు. ఖమ్మంలో మా వంటగదిలో దాని మూత తీయగానే తీపీ పులుపూ కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. వెంటనే రూతమ్మ గారు గుర్తొచ్చారు. రెండువేల తర్వాతి సంవత్సరాల్లో నేను భద్రాచలం అడవి అంచున ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆమె మా ప్రధానోపాధ్యాయురాలు. నన్ను నిర్ఘాంతపరచడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమేమో అనిపించేది.

ఒక ఏడు పదో తరగతి ఆడపిల్లల కోసం నేనొక దినచర్య తయారు చేశాను. తెల్లవారుజామున లేచింది మొదలు దీపాలు ఆర్పే దాకా ఒక్క క్షణం వృథా కాకుండా, రంగు సుద్దలతో నల్లబల్ల నిండా రాశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది. రూతమ్మ గారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, పై నుంచి కింది దాకా చదివారు.

“సారూ, ఇందుల బట్టలు ఉతుక్కునేది యాడుంది?”

“ఆదివారం చూసుకుంటారు మేడం.”

“తల దువ్వుకునేది? అమ్మ వస్తే మాట్లాడేది? కడుపునొప్పొస్తే పండుకునేది?”

ఆమె డస్టర్ తీసుకుని బల్లంతా తుడిచేశారు. పిల్లల ముందే! “బంగారమసొంటి టైంటేబుల్ సారూ. మనుషులకు తప్ప ఎవలకైనా పనికొస్తది,” అన్నారు. వెనక బెంచీ పిల్లలు చున్నీల్లో మూతులు దాచుకున్నారు.

అంతకన్నా పెద్ద దెబ్బ మార్చిలో తగిలింది. పరీక్షలు దగ్గర పడ్డాయి. అడవిలో ఇప్పపూలు రాలడం మొదలైంది. అవి తెల్లవారేలోపే రాలతాయి. ఎండెక్కక ముందే ఏరుకోకపోతే పశువుల పాలవుతాయి. ఆ రోజుల్లో గూడెంలో ప్రతి ఇంటికీ ఉన్న చేతులన్నీ కావాలి. నాగమణి అనే పిల్ల తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“పిల్లను తీస్కపోత మేడమ్మా. దాని నాయినకు కాలు బాగలేదు. నేనొక్కదాన్నే ఏరలేను.”

నాగమణికి లెక్కలు అంతంతమాత్రం. పది తప్పితే దానికి ఇక చదువు లేదు. అక్కల్లాగే ఏటా మిరపకాయ కోతలకు కూలీల ముఠాతో వెళ్లిపోవాల్సిందే. మేడం పంపరని నేను ధీమాగా ఉన్నాను.

“తీస్కపో,” అన్నారామె.

“మేడం! పరీక్షలు!” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఆపితే గోడ దూకి పోతది సారూ. గట్ల పోయిన పిల్ల సిగ్గుతోని మళ్ల రాదు.” నాగమణి వైపు తిరిగారు. “పూలు ఏరుకొచ్చినంక ఏం జేస్తవ్ బిడ్డా?”

“ఆరబోస్త మేడం.”

“ఆరబోసినంక?”

“గంజి తాగుత.”

“ఆ గిన్నె కడగకముందే ఒక లెక్క జెయ్యి. ఒకటే. మళ్ల పరీక్షలకు రా.”

ఒక్క లెక్క! పుస్తకం సగం మిగిలి ఉంది. ఆ మాటే అన్నాను.

“జ్వరమొచ్చిన నాడు గూడ చేయగలిగిందే రోజూ చేస్తం సారూ. మిగిలిందంత రాసుకోని మురుసుడే.”

ఆ రోజు నా డైరీలో ‘ఘోరం’ అన్న ఒక్క మాటే ఉంది.

నాగమణి మాట ప్రకారం వచ్చి పరీక్షలు రాసింది. మే నెలలో ఫలితాలు వచ్చాయి. లెక్కలు తప్ప అన్నీ పాసైంది. మర్నాడు పొద్దున్నే మేడంను నా మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుని వాళ్ల గూడేనికి బయలుదేరాను. జూన్‌లో మళ్లీ పరీక్ష రాయించాలంటే ముందు పిల్ల ఏడుపు మాన్పించాలి. దారంతా ఓదార్పు మాటలు కూర్చుకుంటూనే, లోలోపల మేడం మీద మండిపడుతున్నాను.

నాగమణి పందిరి కింద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పక్కన కడగని గంజిగిన్నె, దాని మీద ఈగలు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని లెక్క చేస్తోంది. ఇప్పపూల కాలం ఎప్పుడో అయిపోయింది. ఇక చేయమని ఎవరూ చెప్పలేదు. నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“నిన్న ఫలితం తెలిసింది కదమ్మా?” అన్నాను తడబడుతూ.

“అవ్ సార్.”

“మరి... ఇదేంటి?”

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. “గంజి తాగిన గద సార్.”

రూతమ్మ గారికి మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు. వంగి పుస్తకంలోకి చూసి, “ఇగో, ఈడ మైనస్ మర్చిపోయినవ్ బిడ్డా,” అన్నారు. జూన్‌లో నాగమణి గట్టెక్కింది.

ఉద్యోగ విరమణ తర్వాత నేను యోగా, గంట నడక, తోటపని అని పెద్ద పెద్ద ప్రణాళికలు వేసుకుని, ఒక్కొక్కటే వదిలేశాను. చివరికి సాయంత్రం టీ తాగాక వీధి మలుపు దాకా వెళ్లి రావడం ఒక్కటే ఉంచుకున్నాను. అంత మాత్రం ఒంట్లో బాగోకపోయినా చేయగలను.

రూతమ్మ గారు పోయారని ఆమె ఉంటున్న పాల్వంచ నుంచి ఫోన్ వచ్చినప్పుడు టీ కప్పు నా చేతిలోనే ఉంది. మా ఆవిడ కప్పు అందుకుని, “కూర్చోండి, ఈ పూటకు పోకండి,” అంది. టీ సగమే తాగాను. అయినా చెప్పులు వేసుకుని, మలుపు దాకా నడిచి వచ్చాను.