ఖాకీ బొంతల గది

"గిర్ని బంద్ చెయ్యవే, కన్ను మూతపడ్తలేదు," అన్నాడు మా ఆయన.

"గిరాకీ నిలబడి ఉన్నది. చెవుల్ల దూది పెట్టుకొని పండు," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. కొంగరకలాన్‌లో ఒక కంపెనీకి రాత్రంతా కాపలా కాసి పగలు పడుకునే మనిషి, ఆ పగలు పడుకుని ఇక లేవలేదు. గుండె ఆగిందన్నారు.

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఇబ్రహీంపట్నంలో ఇరవై ఏండ్లుగా ఇంట్లోనే పిండిగిర్ని పెట్టి కారం పడుతున్నదాన్ని. నన్ను చూస్తే దయ్యమే తుమ్ముకుంటూ పారిపోవాలి. నాకు రాయరాదు. నేను చెబుతుంటే మా చెల్లె కూతురు రాస్తోంది.

పెద్దకర్మకు ముందురోజు పక్కింటి సారు వచ్చాడు. మళ్లీ గిర్ని చప్పుడు వినపడితే మున్సిపాలిటీలో ఫిర్యాదు కాగితం పెడతానన్నాడు. గిర్ని పోతే నాకు బువ్వ లేదు.

గోడలకు మందంగా ఏదైనా కొడితే చప్పుడు కొంత తగ్గుతుందని వడ్రంగి చెప్పాడు. పెద్దకర్మనాడు పోయినవాళ్ల బట్టలు ఇల్లు దాటించాలి. నేను దాటించలేదు. ఆయన ఖాకీ బట్టలు, చలికోట్లు, దుప్పట్లు కలిపి బొంతలు కుట్టి, గిర్ని గది నాలుగు గోడలకూ మేకులతో కొట్టాను.

తలుపు మూసి గిర్ని వేశాను. కాసేపటికి సారు తలుపు కొట్టాడు.

"ఏమ్మా, గిర్ని బంద్ చేసి పట్టపగలే నిద్రనా? ఆ గుర్రు ఏంది, మా పిల్లలు ఒకటే నవ్వుతున్నరు!"

తలుపు పూర్తిగా తీశాను. లోపల తిరుగుతున్న గిర్ని మోతకు సారే వెనక్కి జరిగాడు.

కారం చేతులతోనే వాళ్లింటికి పోయి గోడకు చెవి పెట్టాను. గిర్ని మోత లేదు. ముందు సన్నటి ఈల, తర్వాత గుర్రు. ముప్పై ఏండ్లు కాపురం చేసి విన్నదాన్ని, నాకు తెలియదా?

సంగతి తెలిసి మా ఆడబిడ్డ మంచాల ఊరి నుంచి ఉరికొచ్చింది.

"వదినె, అన్నను గోడకు కట్టేసినవ్ గదనే! ఆ బట్టలు పారేసి అన్నను పోనియ్యి."

ఆమె పోరు పడలేక అవి తీసి, అంతకంటే మందమైన కొత్త బొంతలు కొట్టించాను. గిర్ని మోత సారు ఇంట్లో గిన్నెలను కదిలించింది. మళ్లీ ఖాకీ బొంతలు కొట్టాను. మళ్లీ గుర్రు. మూడుసార్లు మార్చి చూశాను, మూడుసార్లూ అంతే.

"బతికినన్ని దినాలు నిద్ర లేదని నన్ను తిట్టిండు మీ అన్న," అన్నాను ఆడబిడ్డతో. "ఇప్పుడు పండుకున్నడు. లేపుడు నా పని గాదు."

సారు కాగితం పెట్టలేదు. పాత గుడ్డలు అంత మోతను ఎట్లా మింగుతున్నాయో వడ్రంగికీ తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోతే పాయె. ఎవరేమన్నా ఆ మేకులు మాత్రం పీకను.

రాసినవా బిడ్డా? ఏదీ, మొదటి నుంచి చదువు. గిర్ని ఆపను, జర గట్టిగ చదువు.