రేకుల కింద దుంగ

"నా గోడకు ఇంకో తూటు కొడ్తె ఊకోను, చెప్తున్న."

"గోడనా అది? నీ పిసినారితనానికి సున్నం ఏసినట్టున్నది. సిమెంటు కలిపినవా అండ్ల, చూపెట్టినవా?"

"చూపెట్టిన సిమెంటుకే ఇన్నేండ్లు నిలబడ్డది. నువ్వు నిలబడ్తున్నవా మరి?"

మా ముసలాయన మంచం మీద కూసొని, పుల్లలెక్కనైన కాలును రెండు చేతుల్తోని సదురుకున్నడు. పోయిన వానకాలం బాత్రూంల జారిపడి తుంటి ఇరిగింది. దవాఖానల లోపట రాడ్డేసి కుట్టిండ్రు. అప్పటిసంది పొద్దుగాల లేస్తె నేను రెక్క పట్టుకొని తోల్కపోవాలె, కూసోబెట్టాలె, తలుపు దగ్గరికేసి బయట నిలబడాలె, అయినంక మళ్ల లేపాలె. ఆయనకున్న రంధి అదొక్కటే. బొగ్గు బాయిల కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టి రిటైరయిన మనిషి, పెండ్లాం చెయ్యి పట్టకుంట దొడ్డికి పోవాలె. అంతకుమించి ఏం అడుగలే.

అందుకే మా కొడుకు ఫోన్‌ల చూసి, పట్టుకొని లేచెటందుకు ఒక స్టీలు రాడ్డు, గోడకు తూట్లు కొట్టే డ్రిల్లు మిషిను తెప్పిచ్చిండు. "కాలుల ఒక రాడ్డున్నది సాలదా, మళ్ల గోడకొకటా?" అని నేనన్న. వాడు ఇనలే.

మిషిను మంచిదే, అబద్ధమెందుకాడాలె. శీల పట్టి సుత్తెతోని పూటంత కొట్టే తూటును రెప్పపాటుల కొడ్తది. కని పనిముట్టు ఎంత మంచిదైతేంది, గోడ పట్టుకోవాలె గద. కంపిని క్వార్టరు ఖాళీ చేసినంక కట్టుకున్న ఇల్లు మాది. బాత్రూంకు బూడిద ఇటుకలు పెట్టించి, పైన సిమెంటు రేకులు ఏపిచ్చిన. కొడుకు మిషిను పెట్టంగనే ఇటుక పిండిలెక్క రాలింది. రాడ్డు బిగిచ్చి గుంజి చూస్తె, మరలు పిండితోని సహా చేతికొచ్చినయి. ఇంకో తూటు కొడ్తె అదీ అంతే. ఆ రెండో తూటు కాడ్నే మాకు లొల్లయింది.

"బాపూ, పొడుగు బోల్టులు తెచ్చి గోడ అవుతలి దాక తోల్త. అవుతల ఇనుప పట్టి పెట్టి బిగిస్తె ఏనుగు గుంజినా రాదు. ఐతారం దాక ఆగు" అని కొడుకు డ్యూటీకి పోయిండు.

"ఐతారం దాక దీని మొకం చూస్కుంట లేవాల్నా?" అన్నడు ముసలాయన, వాడు గేటు దాటంగనే.

"కండ్లు మూసుకో. నేను ముక్కు మూసుకుంటలేనా?"

ఆ మాటకే ఆయనకు పట్టుదల వచ్చింది. బట్టలారేసే దండేనికి పాతిన నీలగిరి దుంగను నాతోనే పీకిచ్చిండు. మంచం మీద కూసొనే రంపంతోని కోసిండు. బాయిల చేసినట్టె, దుంగను కింద బండ మీద నిలబెట్టి, పైన కప్పుకు దుంగకు నడుమ చెక్కముక్క దూర్చి సుత్తెతోని బిగిస్తడట. గోడతోని పనే లేదట.

"సక్కగ పట్టు. బాయిల నా పక్కన పనిచేసినోడు నీకన్న నయముండె."

"పిలువు మరి. గోదారి ఒడ్డున కాలబెట్టి వచ్చినవు గద, లేచొస్తడేమో."

తలుపుకు ఒరిగి నిలబడి సుత్తె ఎత్తి కొట్టిండు. పైన రేకు టిక్కుమన్నది.

"రేకు లేస్తున్నది" అన్న.

"బిగుస్తున్నది."

"బాయిల పైనుంచి గుట్టంత బరువు ఒత్తుతది, అందుకే దుంగ కదులది. ఈ రేకుకేం బరువున్నదయ్యా? కాకి వాలితె అదురుతది."

"బాయిల దిగినవా నువ్వు? నా దుంగల కింద కూసొని మనుషులు బువ్వ తిన్నరు."

"వాళ్ల నెత్తి మీద గుట్టుండె. నీ నెత్తి మీద ఏమున్నది? నేనే ఉన్న."

ఆయన దుంగను సుత్తెతోని తట్టి, చెవి పెట్టి ఇన్నడు. రెండు చేతుల పట్టి ఊపిండు. కదులలే. పట్టుకొని కూసున్నడు, పట్టుకొని లేచిండు. ఆ మొకంల అంత సంబురం నేను లగ్గం నాడు గూడ చూడలే.

"రేపటిసంది నీ వాకిలి నువ్వు ఊడ్చుకో. నా రెక్క జోలికి రాకు" అన్నడు.

"బతికిన" అన్న.

పగటీలి ఊరవుతల ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగు అయింది. రోజు లెక్కనే ఇల్లంత గజ్జున అదిరి, రేకుల మీది దుమ్ము రాలింది. బాత్రూం కడుగపోతె చెక్కముక్క ఇంత బయటికొచ్చి కనవడ్డది. వచ్చి చెప్పిన.

"చెక్క జారింది. మళ్ల కొట్టుకో."

"నీ కండ్లు జారినయి. ఓర్వలేక సస్తున్నవు."

ఇగ చెప్పలే. ఒక్కసారి చెప్పుడే నాకు ఎక్కువ.

తెల్లారి బాయి కాడ షిఫ్టు సైరను కూత పెట్టంగనే ఆయన చేతికట్టె పట్టుకొని తనంతట తనే లేచిండు. నేను వాకిలి ఊడుస్తున్న. నా పక్కపొంటి పోయిండు, నా దిక్కు చూడలే. తలుపేసుకున్నడు. కొంచెంసేపటికి రేకు పలిగిన సప్పుడైంది, ఎన్కనే దుంగ బండ మీద పడ్డ సప్పుడు. చీపురు కింద పెట్టి, తలుపు నూకి పోయిన. గోడకు ఒరిగి బండ మీద కూసున్నడు. దోతి ఖరాబైంది. పలిగిన రేకులకెల్లి ఎలుగు ఆయన నెత్తి మీద పడ్తున్నది.

"దెబ్బ తాకలే" అన్నడు.

"తాకితె దవాఖానకు తోల్కపోయేదాన్ని. ఇప్పుడు కడుగుడే" అన్న.

రెక్కలు పట్టి లేపి బయట బండ మీద కూసోబెట్టిన. దుంగను గొడ్డలితోని చీరి పొయ్యిల పెట్టిన. నీలగిరి కట్టె, మంచిగ మండింది. ఆ మంట మీద కాగిన నీళ్లతోనే ఆయనకు తానం పోసిన. రేకు పలిగిన కాడ సిమెంటు సంచి కప్పి రాయి పెట్టిన. చాయి ఇచ్చిన. తాగి గిలాస కింద పెట్టి, నా దిక్కు చెయ్యి చాపిండు. పట్టుకొని మళ్ల బాత్రూంకు తోల్కపోయిన.