చంటిపిల్లకు రబ్బరు చెప్పులు

టెస్టరు మాస్టారు బడిలో చెప్పింది డ్రాయింగు. ఇంట్లో చేసింది మాత్రం కరెంటు పనీ, కుళాయి పనీనూ. కొత్త చొక్కా వేసుకున్నా పాత చొక్కా వేసుకున్నా జేబులోంచి టెస్టరు పసుపు పిడి తొంగిచూడాల్సిందే. పెళ్ళికి వెళ్ళినా అంతే, పరామర్శకు వెళ్ళినా అంతే. వీధివాళ్ళు వెటకారానికి ఆ పేరు పెడితే, ఆయనేమో దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. ఏం చేస్తాం!

ఆయనకు పనివాళ్ళంటే పడకపోవడానికి కారణం లేకపోలేదు. ఇల్లు కట్టుకున్న కొత్తలో ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి, హాలు గోడ చుట్టూ మాస్టారు స్వహస్తాలతో వేసుకున్న లతల అంచు మీద నిలువునా గాడి కొట్టేశాడు. వైరు లోపలికి పోవాలంటే గాడి కొట్టక తప్పదన్నాడు. మాస్టారికి ఆ ఉలి తన వీపు మీదే దిగినట్టయింది. "ఆరు నూరైనా సరే, ఇక ఈ గడపలో పనివాడు కాలు పెట్టడానికి వీల్లేదు" అని ఆ రోజు అన్నాడు. జుట్టంతా నెరిసిపోయినా ఆ మాట మీదే ఉన్నాడు.

అప్పట్నుంచీ ఆ ఇంటికి ఎలక్ట్రీషియనూ ఆయనే, ప్లంబరూ ఆయనే. అబ్బో, సామాన్యమైన పనిమంతుడా! వైర్లకు వేరువేరు రంగులు ఉన్నది ఏ తీగలో కరెంటు ఉందో తెలియడానికని లోకం అనుకుంటుంది. గోడకు నప్పడానికని మాస్టారు అనుకున్నాడు. ఆకుపచ్చ గదికి ఆకుపచ్చ తీగ, గులాబీ గదికి ఎర్ర తీగ. బాత్రూము దీపం స్విచ్చి బాత్రూము దగ్గర ఉంటే అందం చెడుతుందని వంటింట్లో పెట్టాడు. అది కూడా పంచదార డబ్బా వెనక. స్నానం చేస్తున్న మనిషికి ఉన్నట్టుండి దీపం ఆరిపోయిందంటే, వంటింట్లో ఎవరో టీ కలుపుకుంటున్నారని అర్థం. ఎర్ర గుర్తున్న కుళాయిలో చన్నీళ్ళు, నీలం గుర్తున్న దాంట్లో వేడినీళ్ళు. ఫ్లష్ లాగే ముందు వాష్‌బేసిన్ కుళాయి కాస్త తిప్పి ఉంచాలి, లేకపోతే అది అలుగుతుంది.

అద్దం తగిలించబోయి ఒకసారి మేకును సరిగ్గా నీళ్ళ గొట్టంలోకే దించాడు. గొట్టానికి ఏదో అంటించాడు గానీ గోడకు చెమ్మ దిగింది. ఇంకొకరైతే తల పట్టుకునేవాళ్ళే. మాస్టారు పెన్సిలు పట్టుకున్నాడు. మరక చుట్టూ గీత గీసి దాన్ని కొండ చేశాడు. వానాకాలంలో మరక పాకితే పక్కనే ఇంకో కొండ వెలిసింది, దాని కింద ఒక పడవ తేలింది. ఇల్లాలు చూసి, "ఎండాకాలం వచ్చేలోగా సముద్రం కూడా వచ్చేస్తుందేమో" అంది. మాస్టారు అది మెచ్చుకోలు అనుకున్నాడు.

చుట్టాలెవరైనా వస్తే ఆవిడ ముందు మంచినీళ్ళిచ్చేది, వెంటనే బాత్రూము వాడుకునే పద్ధతి చెప్పేది. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పుల సంగతి.

బాత్రూము గడప బయట రబ్బరు చెప్పులు వరసగా ఉండేవి. ఇంట్లో ఎవరి జత వాళ్ళది, చుట్టాలకు విడిగా ఒక జత. అవి వేసుకోకుండా లోపల కాలు పెట్టకూడదు. ఎందుకంటే కుళాయి ముట్టుకుంటే వేళ్ళలో జివ్వుమనేది. మొదటిసారి ఇల్లాలు కెవ్వున అరిచి బయటికి వచ్చింది. మాస్టారు హుందాగా నడిచివెళ్ళి కుళాయికి టెస్టరు ఆనించాడు. టెస్టరులో దీపం వెలిగింది.

"చూశావా, ఎన్నేళ్ళయినా టెస్టరు ఎంత బ్రహ్మాండంగా పనిచేస్తోందో!" అన్నాడు.

ఆ సాయంత్రమే అందరికీ రబ్బరు చెప్పులు వచ్చాయి. తర్వాత అలవాటైపోయింది. ఆ జివ్వు ఇంట్లో మనిషైపోయింది. "ఇవాళ జివ్వు కాస్త ఎక్కువుంది, చూసి తిప్పు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. కూతురు ఆ చెప్పులతోనే పెరిగి పెద్దదయింది. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన మొదటి పొద్దున చెప్పులేసుకుని స్నానాలగదిలోకి నడిచింది. అత్తగారు ముక్కున వేలేసుకుంది. "లేకపోతే షాక్ కొడుతుంది కదండీ అత్తయ్యా" అందిట ఈ పిచ్చితల్లి. ఆ తర్వాత పుట్టింటికి వచ్చినప్పుడు తండ్రితో వింతగా చెప్పింది: "నాన్నా, వాళ్ళింట్లో కుళాయి ఉత్త కాళ్ళతో ముట్టుకోవచ్చు, తెలుసా?" మాస్టారు పెదవి విరిచాడు. ఎవరో పనివాడు చేసి ఉంటాడన్నాడు.

ఇప్పుడు ఆ కూతురికి పాప పుట్టింది. పాప పుట్టింది దూరపు ఊళ్ళో. మాస్టారు మనవరాలిని ఫోనులో చూడటమే గానీ ఇంకా ఎత్తుకోలేదు. ఫోను చూస్తూ బొమ్మ గీశాడు. కళ్ళు కుదిరాయి, ముక్కు కుదరలేదు. చెరిపి మళ్ళీ గీశాడు, అయినా కుదరలేదు. దగ్గర కూర్చుని చూస్తే తప్ప ఆ ముక్కు తన చేతికి రాదని ఆయనకు తెలిసిపోయింది. రోజూ పొద్దున్నే "అమ్మాయి ఎప్పుడొస్తానంది?" అని అడగడం మొదలుపెట్టాడు.

అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, పాపను తీసుకొచ్చి కొన్నాళ్ళు అక్కడే ఉందామనుంది. కానీ ముందు ఆ బాత్రూము ఎవరికైనా చూపించు. అంతవరకూ నేను రాను."

"ఎవరికైనా ఏమిటే? నేను లేనూ?"

"నువ్వు కాదు నాన్నా. నువ్వు తప్ప ఎవరైనా సరే."

మాస్టారికి ఒళ్ళు మండింది. కడుపున పుట్టిన పిల్ల కూడా తన పనితనాన్ని శంకించడమా! ఆ పూటే రంగంలోకి దిగాడు. ఇల్లు పీకి పందిరేశాడు. ఇత్తడి కుళాయిలన్నీ ఊడదీసి ప్లాస్టిక్ కుళాయిలు బిగించాడు. గోడకున్న కొండల మీద రెండు గంట్లు పడితే వాటిని కొంగలుగా మార్చాడు. అంతా అయ్యాక ఇల్లాలిని పిలిచి, "ఇప్పుడు ముట్టుకో. ప్లాస్టిక్. ఎలా కొడుతుందో నేనూ చూస్తా" అన్నాడు.

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళి కుళాయి పట్టుకుంది. ఏమీ లేదు. మాస్టారు మీసం దువ్వుకున్నాడు. ఆవిడ కుళాయి తిప్పి ధార కింద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"కుళాయి కొట్టడం లేదండీ. నీళ్ళు కొడుతున్నాయి."

మాస్టారు మీసం మీది చెయ్యి దించాడు. "అయినా చెప్పులుంటే ఏమవుతుంది? ఇన్నాళ్ళూ మనం బతకలేదూ?"

ఇల్లాలు ఆయన్ని నిదానంగా చూసింది. ఆవిడ ఆయనతో వాదించడం ఎప్పుడో మానేసింది. వాదిస్తే గోడ మీద బొమ్మ గీసి మరీ కరెంటు పాఠం చెబుతాడు. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మామూలుగా అంది:

"అయితే పాపకూ ఒక జత తీసుకురండి. రబ్బరువే చూడండి. పట్టీ గట్టిగా ఉండాలి, కాలి నుంచి జారిపోకుండా."

మాస్టారి ముఖం విప్పారింది. ఇంత చిన్న విషయానికా అమ్మాయి అంత రాద్ధాంతం చేసింది! సంచీ పుచ్చుకుని, టెస్టరు జేబులో సరిచేసుకుని, చెప్పుల కొట్టుకు బయల్దేరాడు.

కొట్టువాడు అట్టపెట్టెల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని ఒకావిడ కాలికి జోడు తొడుగుతున్నాడు. ఆవిడ పక్కన నడక నేర్చిన పిల్లాడొకడు నేల మీది పెట్టెలు దొర్లిస్తున్నాడు.

"చంటిపిల్లకు రబ్బరు చెప్పులు కావాలోయ్" అన్నాడు మాస్టారు.

"ఎంత పిల్ల మాస్టారూ?"

"పాలు తాగే పిల్ల."

"నడుస్తుందాండీ?"

"నడవడమా? ఇంకా మెడే నిలబడలేదు."

"మరి చెప్పులెందుకండీ?"

"స్నానం చేయించొద్దూ?"

కొట్టువాడి చేతిలో జోడు ఆగింది. "స్నానానికి చెప్పులేంటి మాస్టారూ?"

"భలేవాడివే! మరి షాక్ కొట్టదూ?"

ఎంత మామూలుగా అన్నాడో! వర్షం వస్తే గొడుగు వద్దా అన్నట్టు అన్నాడు. జోడు తొడుక్కుంటున్నావిడ ఒక కాలికి జోడు, ఒక కాలికి ఏమీ లేకుండానే లేచి, పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. కొట్టువాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఎవరికి కొడుతుంది మాస్టారూ? పాపకా?" అని నెమ్మదిగా అడిగాడు.

స్నానానికి పాప నిలబడదు. అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. ఆ నీళ్ళు! ఆ కుదరని ముక్కు మీంచి, మెడ నిలవని ఆ చిట్టి ఒంటి మీంచి కారుతాయి. మాస్టారు పక్కనున్న పెట్టెల దొంతర పట్టుకున్నాడు. కొట్టువాడు పీట జరిపి కూర్చోమన్నాడు. మాస్టారు కూర్చోలేదు, సంచీ కూడా అక్కడే మర్చిపోయి బయటికి నడిచాడు.

వీధి మలుపులో ఎలక్ట్రీషియన్ కొట్టు ఉంది. ఇన్నాళ్ళూ మాస్టారు దాని ముందు నుంచి ముఖం అటు తిప్పుకునే వెళ్ళేవాడు. ఎలక్ట్రీషియన్ ఫ్యానుకు తీగ చుడుతూ తలెత్తాడు.

"ఒకసారి మా ఇంటికి రావాలి" అన్నాడు మాస్టారు.

వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనో అంటున్నాడేమోనని. ఎవరూ లేరు.

"మీ ఇంటికా మాస్టారూ? పనికేనా?"

"పనికే."

ఇల్లాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. "దొరికాయా?" అని అడిగింది.

"లేదు."

"దొరకవని తెలుసు" అంది ఆవిడ. ఆయన వెనకాల సామాను పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, పక్కకు తప్పుకుని దారిచ్చింది. "నేను చెబితే వింటారా? ఆ మాట మీ నోటితో మీరే నలుగురిలో అంటే వినబడుతుందని పంపాను."

ఎలక్ట్రీషియన్ మర్యాదగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తిన్నగా బాత్రూములోకి వెళ్ళబోయాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కసారే అరిచారు: "చెప్పులు వేసుకో!"

వాడు హడలిపోయి చుట్టాల జతలో కాళ్ళు దూర్చాడు. నీళ్ళు కాచే గీజరు మూత విప్పి, లోపల కరెంటు కారుతోందన్నాడు. "ఎర్త్ ఇవ్వలేదా మాస్టారూ?"

"ఎందుకివ్వలేదు?" మాస్టారికి పాత ఊపు వచ్చింది. "ఎర్త్ తీగ ఇదిగో, ఈ ఇనప గొట్టానికి చుట్టాను. గొట్టం తిన్నగా భూమిలోకే పోతుంది. కారిన కరెంటు కారినట్టు భూమిలోకి పోవాలి కదా!"

వాడు ఆ గొట్టం ఎటు పోతోందో చూసుకుంటూ పెరట్లోకి వచ్చాడు. గోడ వెంట కిందిదాకా చూశాడు. వంగి, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "అంతా ఇనుమేగా?" అన్నాడు.

అవుననబోయి మాస్టారు ఆగిపోయాడు. మోకాలెత్తులో ఉందది. ఎప్పుడో ఆ మేర తుప్పుపట్టి చిల్లుపడితే, ఆయనే కోసేసి మధ్యలో ప్లాస్టిక్ ముక్క అతికించాడు. తెల్లగా కట్టు కట్టినట్టుందని దానికి ఇనప రంగు వేశాడు. అంతటితో ఊరుకోలేదు, సన్న కుంచెతో అక్కడక్కడా తుప్పు మరకలు కూడా దిద్దాడు. దిద్ది మర్చిపోయాడు. చుట్టాలకు జివ్వు గురించి చెప్పినంత కాలం, ఇక్కడ భూమికీ గొట్టానికీ మధ్య దారి తెగిపోయే ఉంది. ఎర్త్ తీగ చుట్టిన చెయ్యీ, గొట్టం కోసిన చెయ్యీ ఒకటే.

ఎలక్ట్రీషియన్ ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూస్తున్నాడు. గుర్తుపట్టలేదు. అంత బాగా వేశాడు మరి. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. గొట్టం పాతబడిందంటే సరిపోతుంది. ఇల్లాలు వంటింటి కిటికీలోంచి చూస్తోంది.

"అది ఇనుము కాదు" అన్నాడు మాస్టారు. "ప్లాస్టిక్. నేనే అతికించాను. రంగు వేసిందీ నేనే."

వాడు గోటితో గీకాడు. తుప్పు కింద తెలుపు కనబడింది. "భలే వేశారు మాస్టారూ" అన్నాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. అందుకే మాస్టారు తల ఎత్తలేకపోయాడు.

కొత్త ఎర్త్ తీగ వెయ్యాలన్నాడు వాడు. గీజరు మార్చాలి. కరెంటు కారితే తనంతట తానే కట్టేసే స్విచ్చి పెట్టాలి. చివరికి కాస్త మొహమాటంగా ఉలి తీశాడు. "గోడకు గాడి కొట్టాలండీ. ఈ కొండల మీంచి, పడవ మీంచి పోతుంది."

"కొట్టు" అన్నాడు మాస్టారు.

పని పూర్తయ్యాక ఇల్లాలు ముందు తను చూస్తానంది. మాస్టారు ఒప్పుకోలేదు. గడప బయట చెప్పులు విడిచాడు. ఉత్త కాళ్ళతో లోపలికి వెళ్ళి, మళ్ళీ బిగించిన ఇత్తడి కుళాయిని కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు. జివ్వు లేదు. ధార కింద చెయ్యి పెట్టాడు. నీళ్ళు ఉత్త నీళ్ళలాగే ఉన్నాయి. బయటికి వచ్చి కూతురికి ఫోను చేశాడు.

"పాపను తీసుకురా అమ్మా. బాగుచేసింది నేను కాదు."

ఈలోగా ఇల్లాలు స్నానానికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. ఎంతకూ నీళ్ళ చప్పుడు లేదు. మాస్టారు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చెప్పులు గడప బయటే ఉన్నాయి.

"ఏమేవ్! ఏమైంది? పలకవేం?"

"ఏం కాలేదండీ" అని లోపల్నుంచి గొంతు వచ్చింది. "ఈ పలకలు మీరు పరిచినవే కదా? మధ్యలో పువ్వు వచ్చేలా?"

"అవును. ఏం, ఊడిపోయిందా?"

"లేదు. చెప్పులొచ్చాక ఇన్నేళ్ళలో ఒక్కసారీ వీటి మీద ఉత్త కాలు పెట్టలేదండీ నేను. ఎంత చల్లగా ఉన్నాయో. కాసేపు నిలబడనివ్వండి."

మాస్టారు ఆవిడ చెప్పులు చేత్తో తీసుకుని, తలుపు బయట అలాగే నిలబడిపోయాడు.