సున్నం వేసేదెవరు?

తడి సున్నం వాసన తగిలితే చాలు, మార్తమ్మ టీచర్ గుర్తుకొస్తారు. ఈ ఉదయం కరీంనగర్ దగ్గరి మా ఊళ్లో, చర్చి వెనక సమాధుల తోటలో బకెట్‌లో సున్నం కలుపుతుంటే, ఆమె పక్కనే నిలబడి నన్ను గమనిస్తున్నట్టు అనిపించింది.

పాత సమాధుల ఫోటోలు, వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టే వాలంటీర్లలో నేను చేరేనాటికి ఆమె బడి నుంచి రిటైరై చాలా ఏళ్లయింది. పిల్లాజెల్లా లేని మనిషి. మా పని చూద్దామని వచ్చి, మొదటిరోజే నా చేతిలోని చాకు లాక్కున్నారు. మా దగ్గర సమాధుల పండుగకు ఏటా సున్నం వేస్తారు. పొర మీద పొర పడి రాతి మీది పేర్లు పూడిపోతాయి. ఇంత ప్రేమగా పేరు చెరిపేసుకుంటారా అని నాకు వింతగానూ, కాస్త కోపంగానూ ఉండేది. గీకితే అక్షరాలూ రాలతాయని చెప్పి, రాయిని తడిపి, ఏటవాలు ఎండలో వేలితో తడుముతూ చదవడం ఆమే నేర్పారు.

ఒక రాయి మాత్రం దేనికీ లొంగలేదు. అప్పుడే మందమర్రి నుంచి ఒక గని కార్మికుడు మా సైటుకు రాశాడు. తాను పాలు మరవకముందే పోయిన తల్లి రూతమ్మ సమాధి దగ్గర ఒక్కసారి నిలబడాలట. ఆమె పేరు మాకెక్కడా కనిపించలేదు. ఆ మొండిరాయికి ‘పేరు తెలియదు’ అని టైపు చేయబోయాను.

“ఆగు బిడ్డా,” అన్నారు టీచర్. “పేరు పోయింది గని, సున్నం తెల్లగనే ఉన్నది గద. ఏసినోళ్లెవరో జర అడుగుదాం.”

అడుగుతూ పోతే నేతన్నల వాడలో ఎల్లవ్వ దొరికింది. చర్చి గడప తొక్కని ముసలామె. ఆ రాయి రూతమ్మదేనని చెప్పింది.

“నాకు పాలు పడకుంటె నా బిడ్డకు పాలిచ్చింది. ఆమె పిలగాన్ని వాళ్ల బాపు గనులకు తీస్కపోయిండు. వాడు వచ్చేదాక నేనే ఏస్త అనుకున్న. వచ్చిండా?”

ఆ వారంలోనే వచ్చాడు. ఎల్లవ్వ బకెట్ ఆయన చేతికిచ్చింది. నేను ఏడ్చేశాను. ఆనాటి నుంచి మా సైటులో ప్రతి సమాధికీ ‘సున్నం వేసేదెవరు’ అని ఒక గడి పెట్టాం.

ఈ ఉదయం సున్నం వేసింది టీచర్ సమాధికే. పేరు మీద పడకుండా అరచేయి అడ్డం పెట్టుకున్నాను. ఇంటికొచ్చి ఆమె పేజీలోని ఆ గడిలో నా పేరు రాశాను. పక్కన ఏమవుతారని అడిగిన చోట ‘విద్యార్థి’ అని రాసి, చెరిపేసి, ‘బిడ్డ’ అని రాశాను.