కాంటా ఆగిన మధ్యాహ్నం

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు సర్వర్ చూసుకునే పనిలో చేరాక నాకది మొదటి పత్తి సీజన్. పొద్దున పత్తి మంచుకు చెమ్మగా ఉంటుంది. తేమ ఎక్కువైతే ధర తగ్గుతుంది కాబట్టి రైతులు ఎండ ముదిరేదాకా ఆగి, అందరూ పన్నెండింటికే కాంటా మీదికి వస్తారు. సరిగ్గా అప్పుడే ఆ రోజు తూకాలు ఎక్కించే కాంటా కంప్యూటర్ తెర బిగుసుకుపోయింది. ట్రాక్టర్ల వరుస గేటు దాటింది. పైన మబ్బు పట్టింది.

“రీస్టార్ట్ కొట్టమ్మా, ఇంకేం జూస్తున్నవ్?” మేనేజర్ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.

“కొడితే ఇంకా సేవ్ గాని నిండు బండ్ల తూకాలు పోతయ్ సార్. పత్తేమో కుప్పల కలిసింది. మళ్ల యాడ తూస్తం? జర ఆగుండ్రి.”

కిటికీలోంచి ఒక ముసలి రైతు తొంగిచూశాడు. “ఏం బిడ్డా, నీ కంప్యూటర్‌కు గూడ తేమ పట్టిందా? ఎండల పెడ్దమా?”

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. కుప్పలో కలిసిన పత్తిలో ఆయనదీ ఉంది.

సర్వర్ మీద ఎంత భారం ఉందో చూపే ‘టాప్’ తెరిచాను. లోడ్ విపరీతంగా ఉంది, ప్రాసెసర్ మాత్రం ఏ పనీ చేయడం లేదు. ఇదెట్లా? నేను బడికి పోలేదు. మా అవ్వ ఇంట్లోనే బైబిలు మీద వేలు పెట్టించి, ఒక్క మాటా దాటనివ్వకుండా చదివించింది. అట్లాగే తెర మీద వేలు పెట్టి చదువుకుంటూ పోతే, పనులన్నీ డిస్కు కోసం ఎదురుచూస్తున్నాయని చెప్పే అంకె దగ్గర వేలు ఆగింది. ఆ డిస్కును ఎవరు పట్టుకున్నారో చెప్పే ‘అయోటాప్’ తెరిచాను. అన్నిటికంటే పైన బ్యాకప్.

మిల్లంతా భోజనానికి లేచే వేళ కదా అని ఎండాకాలంలో ఎవరో పన్నెండింటికి పెట్టిన బ్యాకప్ అది. సీజన్‌లో ఆ వేళ ఎవరూ అన్నం ముట్టరు.

“బ్యాకప్ ఆపుతున్న సార్. కాంటా బందయినంక నడిపిస్త.”

అంకె వెంటనే దిగలేదు. మేనేజర్ చేయి రీస్టార్ట్ వైపు రెండుసార్లు వచ్చింది. ప్రభువా, ఇంకొంచెం, అనుకున్నాను. తెర కదిలింది. ముసలాయన నిండు బండి తూకం అట్లాగే ఉంది.

“ఎండిందా బిడ్డా?”

“ఎండింది పెద్దయ్యా.”

ఆయన చీటీ తీసుకుని పోయాక వాన మొదలైంది. నాకు కుదురు మాత్రం రాలేదు. ఇప్పటికీ పన్నెండవుతుంటే ఆ అంకె చూడనిదే టిఫిన్ డబ్బా మూత తీయను. అన్నానికి కృతజ్ఞతలు చెప్పే ప్రార్థనలో అవ్వతో పాటు డిస్కు కూడా చేరింది.