తొమ్మిదని రాసిన కవర్ నోట్

గుద్దిన పావుగంటకు నేను కారులో కూర్చుని ఆ కారుకే ఇన్సూరెన్సు రాసుకున్నాను. టైము దగ్గర ఉదయం తొమ్మిది అని వేశాను. అప్పటికి పదకొండు దాటింది.

అలా రాసుకునే వీలు అందరికీ ఉండదు. నేను తాడేపల్లిగూడెంలో మోటారు ఇన్సూరెన్సు ఏజెంటుని. ఆ రోజుల్లో మా దగ్గర కవర్ నోట్ పుస్తకం ఉండేది. బండి నంబరు, తారీఖు, టైము వేసి, సంతకం పెట్టి చింపి ఇస్తే అసలు పాలసీ వచ్చేదాకా ఆ కాగితమే ఇన్సూరెన్సు. వేసిన టైము నుంచే చెల్లుతుంది. టైము వెయ్యడం మర్చిపోవద్దని కొత్త ఏజెంట్లకు నేనే చెప్పేవాణ్ణి.

నా కారు ఇన్సూరెన్సు అయిపోయి అప్పటికి మూడు వారాలు. పుస్తకం సంచిలోనే ఉంది కదా, ఎప్పుడైనా రాసుకోవచ్చు అనుకున్నాను. ఆ ఉదయం భీమడోలు దాటి కొల్లేటి లంకల వైపు వెళ్తున్నది ఒక చేపల లారీ యజమానిని కలవడానికి. ఆయన పాలసీ మర్నాటితో ఆఖరు. ఆలస్యం చెయ్యొద్దని చెప్పాలి.

దారిలో ఎదురుగా ఇంకో లారీ వచ్చింది. ఎదురొచ్చే ప్రతి బండి నంబరూ చదవడం నాకు అలవాటు. మన దగ్గర రాయించుకున్నదా, పక్క ఏజెంటు దగ్గరా అని తెలుసుకోవాలి. ఆ లారీకి చివరి రెండంకెల మీద బురద ఉంది. వాటి కోసం తల తిప్పాను. మళ్ళీ ముందుకు చూసేసరికి చెరువు గట్టు మీంచి రోడ్డెక్కుతున్న మోపెడ్ నా బానెట్ కింద ఉంది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది అది. ఆ మోపెడ్ మనిషి అంతకు ముందు చెరువుల కాపలా చేసేవారట. చెరువులు పోయాక భీమడోలులో ఇంటింటికీ తిరిగి చేపలు అమ్ముకుంటున్నారు. యాభై దాటిన మనిషి. ఎడమ కాలు ఉండవలసిన తీరులో లేదు. ఆయన బుట్టలోని శీలావతి, బొచ్చె చేపలు తారు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతున్నాయి.

"కాలు సంగతి తర్వాత చూద్దురుగానండి. ముందు ఆ చేపలు నీడలో పెట్టించండి," అన్నారాయన.

పొలంలోంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు. అందులో ఒకాయన నన్ను గుర్తుపట్టి, పడి ఉన్న మనిషితో చాలా సంతోషంగా చెప్పాడు.

"ఒరేయ్ బావా, గుద్దింది ఎవరనుకున్నావ్? గూడెం ఇన్సూరెన్సు ఏజెంటుగారు! నీ అదృష్టం మామూలుది కాదు."

"ఆయ్, అలాగా!" అన్నారాయన, నొప్పితో పళ్ళు బిగించి. నాకు నమస్కారం కూడా పెట్టారు.

వాళ్ళు చేపలు ఏరుతుండగా నేను కారులోకి వెళ్ళి ఆ కాగితం రాశాను. నా దస్తూరీ ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

ఆయన్ను నా కారులోనే వెనక సీట్లో పడుకోబెట్టి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మోకాలి కింద రెండెముకలూ విరిగాయన్నారు. మూడు నెలలు కాలు కింద మోపకూడదు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ నా కవర్ నోట్ రెండుసార్లు చదివాడు.

"తొమ్మిదింటికి ఇన్సూరెన్సు రాసుకుని పదకొండింటికి గుద్దారు. మీ అంత జాగ్రత్తపరుణ్ణి నేను చూళ్ళేదండీ," అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు. కంపెనీ తరఫున మనిషి వచ్చి విచారిస్తాడు, దెబ్బ తగిలినాయన్ని కూడా అడుగుతాడు అని చెప్పి కాగితం తిరిగిచ్చాడు.

సాయంత్రం సిమెంటు కట్టు వేశాక మంచం పక్కన కూర్చున్నాను. ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"ఏవండీ, గుద్దాక మీరు కారులో కూర్చుని రాసింది ఇన్సూరెన్సు కాగితమేనాండి?"

నేను మందుల చీటీ మడత పెట్టాను.

"పడుకునే చూశాన్లెండి. ఏం పరవాలేదు. ఎవరైనా వచ్చి అడిగితే పొద్దున్నే రాశారని చెప్తాను. ఎన్నింటికి రాశారని చెప్పమంటారండి?"

ఆయన్ను ఒకే రోజులో రెండోసారి పడేస్తున్నానని అప్పుడర్థమైంది. ఒట్టేసి అబద్ధమాడవలసిన పని నాది కాకుండా ఆయనది అయిపోతోంది. అదీ ఎంత మర్యాదగా అడుగుతున్నారంటే, ఇంటికొచ్చినవాళ్ళను టీలో పంచదార ఎంత వెయ్యమంటారని అడిగినట్టు. "ఏమీ చెప్పకండి, నేను చెప్తాను," అని లేచాను.

మర్నాడు గూడెం బ్రాంచి ఆఫీసులో మేనేజరు ముందు పుస్తకం పెట్టి జరిగింది చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి చూసి, మళ్ళీ మూసి నా వైపే తోశారు.

"ఇలాంటివి మేం పట్టుకుంటాం గానీ, మీ అంతట మీరొచ్చి చెప్తే ఏం చెయ్యాలో నాకు తెలీదండీ," అన్నారు.

వారంలో తెలుసుకున్నారు. నా ఏజెన్సీ పోయింది. పోలీసులకూ చెప్పాను. గుద్దినందుకు ఒకటి, ఇన్సూరెన్సు లేకుండా నడిపినందుకు ఒకటి, దొంగ కాగితానికి ఇంకొకటి, ఆ తర్వాత కోర్టులో మూడు కేసులు నడిచాయి. మూడిట్లోనూ తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను. ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఏజెన్సీ పోయిన మర్నాడే, నిజం చెప్పాననే ధీమాతో కొల్లేటి లంకలో ఆ చేపలాయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నిజం చెప్పేశారా? చాలా బావుందండి. కంపెనీవాళ్ళిచ్చేది పోయింది. మీ మనసు తేలికపడింది. మూడు నెలలు కనబడకపోతే భీమడోలులో రోజూ కొనే మా వాడుకలన్నీ ఇంకొకడు పట్టుకుపోతాడు. అప్పుడు కాలు బాగై ఏం లాభం? ఎవరమ్ముతారండి మా చేపలు, మీరా?"

ఆ మాట దెప్పడానికే అన్నది. నేను సరేనన్నాను. అప్పటికి నాకు వేరే ఉద్యోగం కూడా లేదు.

ఇంకో ఏజెంటు దగ్గర కారుకు ఇన్సూరెన్సు రాయించుకుని, వెనక సీటు పీకించి, ఐసు డబ్బాలు పెట్టించాను. రోజూ తెల్లవారుతూనే గూడెంలో బయల్దేరి లంకకు వెళ్ళేవాణ్ణి. ఆయన కట్టు కాలు చాపుకుని ముందు సీట్లో కూర్చుని దారి చెప్పేవారు. మొదటిరోజు వీధిలో చేపలని అరవడానికి బదులు హారన్ కొట్టాను. ఎవరో చుట్టాలొచ్చారనుకుని ఒకావిడ మంచినీళ్ళతో వచ్చింది.

"అరవండి బాబూ, సిగ్గుపడితే చేపలు ఆగవు," అన్నారాయన. అరిచాను.

అడిగిన ధరకు ఇచ్చేస్తుంటే కొన్నవాళ్ళకే నా మీద జాలేసింది. "బేరమాడ్డం రాదాండీ మీకు? ఇన్సూరెన్సు ఎలా అమ్మేవారండీ?" అని అడిగిందొకావిడ. అప్పుడు కొనేవాళ్ళు బేరమాడేవారు కాదు, నేను చెప్పింది నమ్మేవారు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

మూడు నెలల్లో ఒక్క వాడుక కూడా పోలేదు. ఇద్దరు పెరిగారు, అదీ కారులో చేపలమ్మేవాణ్ణి చూడ్డానికి. కట్టు విప్పాక ఆయన నడవగలిగారు గానీ మోపెడ్ మీద బరువు ఆపడం ఆ కాలికి చేతకాలేదు. అందుకని గట్టు మీద ఆయనకు కారు నేర్పాను. లైసెన్సు రావడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. ఎదురొచ్చే బండ్ల నంబర్లు చదవొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

తర్వాత కారు ఆయన పేరు మీదికి మార్చాను. గొప్ప త్యాగమేం కాదు, ఆ వాసనకు మా ఇంట్లో ఎవరూ అందులో ఎక్కడం మానేశారు. ఆయన పేరున ఇన్సూరెన్సు రాయించడానికి భీమడోలులో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళాం. అతను పుస్తకం తెరిచి, టైము ఎంత వెయ్యమంటారని అలవాటుగా అడిగాడు.

ఆయన నా వైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూసి, "ఎంతైతే అంతే వెయ్యండి," అన్నారు.

నాలుగూ పది అని వేశాడు. ఆయన కారులో లంకకు వెళ్ళారు. నేను బస్సెక్కి గూడెం వచ్చాను.