తెంపని పోగు

మొన్న మా బావను వెంటబెట్టుకుని, ఆయన ఇంకా బతికే ఉన్నాడని రుజువు చేయడానికి పింఛను ఆఫీసుకు వెళ్లాను. మన ఈడు వాళ్లందరికీ ఏటా తప్పని తంతే కదా అది. అక్కడి వేలిముద్రల యంత్రం కుడిచేతి చూపుడువేలు పెట్టమంటుంది; మా బావకు ఆ వేలూ లేదు, దాని పక్క వేలూ లేదు. ఎడమచేతి వేళ్లు పెడితే, ఏళ్ల తరబడి నూలు ఒరుసుకుని వాటి మీద గీతలే మిగల్లేదాయె, యంత్రం ప్రతిసారీ ఎర్రదీపం వెలిగించి కుయ్యిమంది. తొమ్మిదోసారికి నాకు ఒళ్లు మండి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. యంత్రం ఎగిరి కిందపడింది, కౌంటరు దగ్గరి అమ్మాయి బెదిరిపోయింది. బావ మాత్రం నవ్వుతూ నా భుజం పట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లూ పోవడానికి కారణం నేనేనని ఆ అమ్మాయికేం తెలుసు.

తొంభైల్లో మేమంతా సూరత్‌లో ఉండేవాళ్లం. వడోద్ అనే పేటలో ఒక్క గదిలో అమ్మ, అక్క, బావ, నేను. గల్లీ నిండా సిరిసిల్ల వైపు నుంచి వెళ్లిన నేతవాళ్లే. బావ ఒక షెడ్డులో ఎనిమిది సాంచాలు చూసేవాడు, మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. నేను నాలుగు అక్షరాలు ఎక్కువ చదివినవాణ్ని కాబట్టి, ఆ షెడ్డును ఆనుకునే ఉన్న, షెడ్డు యజమాని సేఠ్‌దే అయిన చిన్న కార్ఖానాలో సాంచాలకు బిగించే కంట్రోల్ పెట్టెలకు ప్రోగ్రాములు రాసేవాణ్ని. చీర అంచుల డిజైన్లు రాయడానికి ఒక చిన్న కంప్యూటర్ భాషను నేనే కట్టాను. పెట్టెలో కూర్చుని ఆ భాషను నడిపించే రన్‌టైమ్ కూడా నాదే. అందరికీ తెలిసిన ప్రాసెసర్ మీద అది ఏడాదిపాటు వంక పెట్టనివ్వకుండా నడిచేసరికి నాకు కళ్లు నెత్తికెక్కాయి.

అప్పుడు సేఠ్ హజీరా వైపు ఎక్కడో పాతసామాను వాళ్ల దగ్గర, ఏ దేశపు యంత్రాల్లోంచి ఊడబీకారో తెలియని బోర్డులు బస్తాలకొద్దీ చవగ్గా కొనుక్కొచ్చాడు. వాటి మీది ప్రాసెసర్ పేరు మాలో ఎవరం వినలేదు, దాని పుస్తకంలో సగం పేజీలు లేవు. నా రన్‌టైమ్‌ను దాని మీదికి ఎక్కించాలి. మొదటి వారం బోర్డు పొగలు కక్కింది. తర్వాత అంకెలను తలకిందులుగా చదవడం మొదలుపెట్టింది. మేము ప్రతి అంకెనూ రెండు సగాలు చేసి చిన్న సగం ముందు, పెద్ద సగం వెనక దాస్తే, అది పెద్దదే ముందనుకుని, ఒక్క పోగు ఎత్తమంటే రెండువందల యాభై ఆరు పోగులు ఎత్తి నిలువు పోగుల పడుగంతా చింపి పారేసింది. కోపం పట్టలేక బోర్డును గోడకేసి కొట్టిన రోజులూ ఉన్నాయి. మూడు నెలలు దానితో కుస్తీ పట్టాక బట్ట సాఫీగా రావడం మొదలైంది.

ఇక పరీక్షించాల్సింది ఒక్కటే మిగిలింది. పడుగులో ప్రతి పోగు మీదా ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంటుంది. పోగు తెగితే రేకు కిందపడుతుంది, ఆ కబురు ప్రోగ్రాముకు చేరి సాంచా ఆగుతుంది. అది ఆగుతుందో లేదో చూడాలంటే, నడుస్తున్న పడుగులో మంచి పోగునొకదాన్ని చేజేతులా తెంపాలి. మా ఇంట్లో అంతకంటే పాపపు పని లేదు. తెగినదాన్ని అతికేవాడే నేతగాడు, బతికున్న పోగును తెంపితే ఇంటికి అరిష్టం అనేది అమ్మ. చిన్నప్పుడు ఆటకు ఒకటి తెంపినందుకు చేతికందిన కర్రతో నా వీపు చీరేసింది. కత్తెర పట్టుకుని సాంచా ముందు చాలాసేపు నిలబడ్డాను. చెయ్యి రాలేదు. పాత పెట్టెలో పనిచేసిందే కదా, ఇందులోనూ చేస్తుందిలే అనుకుని, అంతా బాగుందని సేఠ్‌కు చెప్పేశాను.

కొత్త పెట్టెలు బిగించిన మూడోరోజు పొద్దున పది గంటల వేళ. ఎనిమిది సాంచాలు చూసేవాడికి ఒకటి పూర్తిగా ఆగేదాకా ఎదురుచూసే తీరిక ఉండదు, రేకు పడ్డది చూడగానే పోగు అతకడానికి చెయ్యి లోపలికి పోతుంది. అందరూ అలాగే చేసేవారు. ఆ రోజు రేకు పడింది, బావ చెయ్యి పెట్టాడు, సాంచా ఆగలేదు. పేక పోగును అదిమే పన్నె దెబ్బకు రెండు వేళ్లు నలిగి ఊడిపోయాయి. పేక పోగును అటూ ఇటూ మోసే నాడె దారితప్పి ఎగిరి ఎదురు సాంచా దగ్గరున్న మనిషి దవడ పగలగొట్టింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి బావ కింద గిలగిలలాడుతున్నాడు, సాంచా మాత్రం నెత్తుటి పోగులతోనే ఇంకా బట్ట నేస్తోంది.

మొదటి దెబ్బ అదే షెడ్డులో పనిచేసే బావ తమ్ముడిది. "మా అన్న చెయ్యి తింటివి గదరా, ఇగ నువ్వెట్ల బతుకుతవో జూస్త!" అంటూ సాంచా కర్రతో నోటి మీద కొట్టాడు. ఆ వెనక, మా అమ్మ చేతి సర్వపిండి తిన్నవాళ్లంతా నా మీద పడ్డారు. రెండు పళ్లు రాలాయి, పక్కటెముక విరిగింది. సుత్తెలు తెచ్చి షెడ్డులోని పెట్టెలన్నీ పొడిపొడి చేశారు. అక్క వచ్చి నా మీద అడ్డంగా పడకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనుండేవాణ్ని కాదు; నన్ను లేపి కూర్చోబెట్టాక తనూ నా చెంప పగలగొట్టింది.

ఐదోరోజు ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉండగానే, కార్ఖానాలో మిగిలిన ఒక బోర్డును సాంచాకు బిగించి, కత్తెరతో పోగు తెంపాను. ఆగలేదు. ఇంకోటి తెంపాను. నన్ను నేను బూతులు తిట్టుకుంటూ ముప్పై నలభై తెంపి ఉంటాను. చివరికి దొరికింది. పోగు తెగిందనడానికి నేను పెట్టుకున్న గుర్తు మైనస్ ఒకటి. పాత ప్రాసెసర్ మీద అది మెమరీలోని చిన్న గడిలో మైనస్‌గానే ఉండేది. ఈ కొత్తదాని లెక్కలో చిన్న గడిలో మైనస్ అంకెలే ఉండవు, మైనస్ ఒకటిని రెండువందల యాభై అయిదుగా చదువుతుంది. సున్నా కంటే తక్కువా అని అడిగితే ఎప్పటికీ కాదనే చెబుతుంది. దిద్దడానికి ప్రోగ్రాములో ఒక్క మాట చాలింది.

అవే పెట్టెలు ఆరు, దగ్గర్లోని కిమ్ ఊళ్లో సేఠ్ రెండో షెడ్డులో ఇంకా నడుస్తున్నాయి. సాంచాలు ఆపి, దిద్దిన ప్రోగ్రాము ఉన్న చిప్పులు మార్చాలంటే, దివాలీ బంద్‌లో చూద్దాంలే అన్నాడు సేఠ్. నేను సుత్తె సంచిలో వేసుకుని బస్సెక్కి కిమ్ వెళ్లి, ఆరింటినీ నా చేతులతోనే పగలగొట్టాను. అక్కడి వాచ్‌మన్లు నన్ను మళ్లీ చితకబాదారు, నౌకరీ కూడా అక్కడితో పోయింది. ఆ రెండో తన్నుల గురించి నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఆస్పత్రిలో బావకు ఏమీ దాచకుండా చెప్పాను, పోగు తెంపని సంగతితో సహా. కట్టు కట్టిన చేతిని ఒకసారి చూసుకున్నాడు. "పోగు తెంపనీకి చేతులు రాలేదు గని, నా వేళ్లు తెంపనీకి వచ్చినయి" అన్నాడు. అంతే. తర్వాత ఇన్నేళ్లూ ఎడమచేత్తో నూలు కండెలు చుట్టుకుని బతికాడు గాని, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాడె లేని సాంచాలు వచ్చాయి, చెయ్యి పెట్టబోతే వాటంతట అవే ఆగుతాయట, సంతోషమే. కానీ ఆ పింఛను ఆఫీసు అమ్మాయిని, ఈ ప్రోగ్రాము రాసిందెవరమ్మా అని అడిగితే, మాకు తెలియదండీ, ఎక్కడినుంచో వస్తుంది అంది. అది రాసినవాడు ఒక్కసారైనా వేళ్లు లేని చెయ్యి ఆ అద్దం మీద పెట్టి చూసి ఉండడు, నేను పోగు తెంపి చూడనట్టే. అయితే నా తప్పుకు నన్ను కొట్టడానికి మావాళ్లు నాలుగడుగులు నడిస్తే సరిపోయింది. నేను గోడ అవతలే ఉన్నాను, మా అమ్మ పేరు తెలుసు, మా గది తెలుసు. వేలిముద్ర పడలేదని బావను చచ్చినవాళ్లలో కలిపిన ఈ మనిషి ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు.